‘నార్మ్’ అనే మాట గురించి ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాద వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యాల నడక బాగుంది, ఎక్కడా తొందరపాటు కనబడలేదు. అయితే ఇంగ్లీషు మూలంలో ‘నార్మ్’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా నువ్వు ‘నియమం’ అని రాసుకుంటూ పోయావు. నిఘంటువు తెరవగానే కనబడే అర్థం అదే కనుక నిన్ను తప్పుపట్టలేను గాని, ఆ ఒక్క మాట వల్ల వ్యాసకర్త వాదం రెండుచోట్ల తలకిందులైంది. అందుకే తక్కిన సవరణలను పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

‘నార్మ్’కు మూలమైన లాటిన్ మాట ‘నోర్మా’. దాని అర్థం వడ్రంగి చేతిలోని మూలమట్టం. రెండు చెక్కలు సరిగ్గా 90 డిగ్రీల కోణంలో కలిశాయో లేదో దాన్ని ఆనించి చూస్తే తేలిపోతుంది. ‘నార్మల్’ అంటే మొదట మూలమట్టానికి సరిపోయినది అని అర్థం. రేఖాగణితంలో ఆ మాటను ఇప్పటికీ అభిలంబం అనే అర్థంలోనే వాడుతున్నారు. మూలమట్టానికి లొంగనిది ‘ఎనార్మస్’. నేడది భారీతనాన్ని మాత్రమే చెబుతున్నా, దాని తోబుట్టువైన ‘ఎనార్మిటీ’లో హద్దు మీరిన దుర్మార్గం అనే అర్థం ఇంకా బతికే ఉంది. మన ‘ప్రమాణం’ కూడా కొలవడం అనే అర్థమున్న ‘మా’ ధాతువు నుంచి పుట్టినదే కాబట్టి, ఈ రెండు మాటలూ దూరపు చుట్టాలు కాకపోయినా ఒకే పనిముట్ల పెట్టెలోంచి వచ్చాయని చెప్పవచ్చు.

మూలమట్టం చెక్కలన్నీ సాధారణంగా ఎలా ఉంటాయో చెప్పదు, ఈ చెక్క ఎలా ఉండాలో చెబుతుంది. కాని పంతొమ్మిదో శతాబ్దంలో వైద్యమూ గణాంక శాస్త్రమూ ‘నార్మల్’ను సగటుకు దగ్గరగా ఉన్న స్థితి అనే అర్థంలో విరివిగా వాడాయి. అప్పటినుంచి ఈ కుటుంబంలోని మాటలన్నిటికీ రెండు ముఖాలు ఏర్పడ్డాయి: ఉండవలసిన తీరు ఒకటి, ఎక్కువమందిలో ఉన్న తీరు మరొకటి. ఈ తేడా తెలియక నేనూ ఒకప్పుడు పొరబడ్డాను. ఒక జీవితచరిత్రను తెలుగు చేస్తూ ‘నార్మల్ స్కూల్’ను ‘సాధారణ పాఠశాల’ అని రాశాను. అది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే విద్యాలయం. బోధన ఎలా ఉండాలో మాదిరి చూపే చోటు అని ఆ పేరు భావం. 1794లో పారిస్‌లో నెలకొల్పిన ‘ఎకోల్ నోర్మాల్’ పేరులో ఉన్నదీ ఈ అర్థమే. పుస్తకం అచ్చయ్యాక గాని నాకా సంగతి తెలియలేదు, ఆ పుట తెరవాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

ఈ రెండు ముఖాలను కలిపేస్తే మాట మాత్రమే చెడుతుందనుకోకు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో శిలగా మారిన ప్రాచీన వృక్షాలున్న జాతీయవనం ఒకటి ఉంది. సందర్శకులు ఆ రాతిచెక్క ముక్కలను పట్టుకుపోతుంటే, రాబర్ట్ చాల్డీనీ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తా ఆయన సహచరులూ అక్కడ రెండు రకాల హెచ్చరిక పలకలు పెట్టి చూశారు. ఇదివరకు వచ్చినవారిలో చాలామంది ముక్కలు తీసుకుపోవడంతో వనం రూపే మారిపోతోందని ఒక పలక వాపోయింది. దయచేసి తీసుకుపోవద్దని రెండోది కోరింది. మొదటి పలక ఉన్నప్పుడు గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి, రెండోది ఉన్నప్పుడు 2 శాతం లోపే. ‘చాలామంది చేస్తున్నారు’ అన్న సమాచారాన్ని చదివినవాళ్లు ‘చేయవచ్చు’ అన్న అనుమతిగా తీసుకున్నారు. అందరూ చేసేదాన్ని చెప్పే నార్మ్, అందరూ ఒప్పుకునేదాన్ని చెప్పే నార్మ్ వేర్వేరని చాల్డీనీ బృందం 1990లోనే ప్రతిపాదించింది. ఒక పలక మీది వాక్యానికే ఇంత బలముంటే, నీ వ్యాసంలోని వాక్యానికి ఎంత బాధ్యత ఉందో ఆలోచించు.

ఇంగ్లీషులో ఈ తేడాను పట్టుకోవడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. ‘ది’ చేరి ఏకవచనంలో వస్తే అది చాలావరకు పరిపాటిని చెబుతుంది. ‘ఆలస్యంగా రావడం ది నార్మ్ అయింది’ అన్న భావాన్ని నువ్వు ‘ఆలస్యంగా రావడం నియమమైంది’ అని రాశావు. ఎవరో ఆలస్యంగా రమ్మని శాసించినట్టుంది. ‘పరిపాటి అయిపోయింది’ అంటే సరిపోయేది. బహువచనంలో ‘సోషల్’ వంటి విశేషణంతో వస్తే అది ఎక్కువగా రాతలో లేని కట్టుబాటు. దాన్ని మీరినవారిని సాధారణంగా న్యాయస్థానం శిక్షించదు, చుట్టూ ఉన్నవారి చూపే శిక్షిస్తుంది. వాహనాల పొగకు పరిమితి విధించే సందర్భంలో ‘ప్రమాణాలు’ తప్ప మరో మాట పొసగదు. ఇక మన దేశపు ఇంగ్లీషు పత్రికలు ప్రభుత్వం రాతపూర్వకంగా జారీ చేసిన షరతులను కూడా నార్మ్స్ అనే అంటాయి. అక్కడ ‘నిబంధనలు’ అనడమే సబబు. చిక్కల్లా మన పత్రికలు ఆ ఒక్క మాటనే అన్నిచోట్లా వాడి, ఎవరూ ఎన్నడూ రాయని మర్యాదలను సైతం ‘నిబంధనలను తుంగలో తొక్కారు’ అనే మూసలో పోయడం వల్ల వస్తోంది. రాయని దానికి రాసినదాని హోదా ఇవ్వడం పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించడమేనని నా గట్టి నమ్మకం.

‘నార్మేటివ్’ అన్న విశేషణం విషయంలో మాత్రం అంత సందేహం అక్కర్లేదు. ఇలాంటి వ్యాసాల్లో అది చాలావరకు ‘ఉండవలసిన’ వైపే ఉంటుంది. ‘సాధారణ’ అని రాయకు. ‘అనోమీ’ అన్న మాట కూడా నీ వ్యాసంలో ఉంది. కట్టుబాట్లు సడలి మనిషి దారీతెన్నూ తోచకుండా మిగిలే స్థితికి ఫ్రెంచి సామాజికవేత్త ఎమిల్ దుర్కైమ్ ఆ పేరు వాడాడు. అర్థం దగ్గరగా ఉన్నా అది ‘నార్మ్’కు వ్యతిరేకపదం కాదు, చట్టం అనే అర్థమున్న గ్రీకు ‘నోమోస్’ నుంచి వచ్చింది. నువ్వు రాసిన ‘నియమరాహిత్యం’ అక్కడ బాగా కుదిరింది, మార్చవద్దు.

నీ ప్రతిలో ఈ మాట వచ్చిన చోట్లన్నీ ఎర్ర సిరాతో గుర్తుపెట్టి, ఎక్కడ పరిపాటి, ఎక్కడ కట్టుబాటు, ఎక్కడ ప్రమాణం అన్నది అంచున రాశాను. చివరి పేరాలోని వాక్యం ఒక్కదాన్ని ఖాళీగా వదిలాను. అక్కడ వ్యాసకర్త జనం చేస్తున్నదాన్ని వర్ణిస్తున్నాడో, చేయవలసినదాన్ని చెబుతున్నాడో మూలం ముందువెనుకలు చూడనిదే తేలదు. ఆ రెండు పుటల నకలు పంపితే కలిసి చూద్దాం.

శుభాకాంక్షలతో.