సర్వర్‌ని ఎవరు చంపుతున్నారో ముందు తేల్చుకో

తమ్ముడూ,

మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా రీస్టార్ట్ చేసి, కాన్ఫిగ్‌లో ఏదో ఒక నంబర్ మార్చి చూస్తున్నానని రాశావు. ఆ మార్చడం ముందు ఆపు. కారణం తెలియకుండా నాలుగు మార్చాక, పడటం ఆగినా దేనివల్ల ఆగిందో తెలియదు.

అసలు పడుతోందా అన్నదే మొదటి ప్రశ్న. 'సర్వర్ హ్యాజ్ గాన్ అవే' అని అప్లికేషన్ అరిచినంత మాత్రాన సర్వర్ పడినట్టు కాదు. గ్లోబల్ స్టేటస్‌లో అప్‌టైమ్ (సర్వర్ లేచి ఎంతసేపైందో) చూడు, సెకన్లలో ఉంటుంది. ఎర్రర్ వచ్చిన సమయానికి ముందు నుంచే లెక్క నడుస్తుంటే సర్వర్ నిక్షేపంగా ఉంది. అప్పుడు చూడాల్సింది వెయిట్ టైమౌట్ (ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను ఎంతసేపటికి తెంచాలన్నది, డిఫాల్ట్ 28,800 సెకన్లు), లేదా మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ (ఒక్కసారి పంపగలిగే డేటా పరిమితి).

నిజంగానే పడుతుంటే ఎర్రర్ లాగ్ తెరిచి, మళ్లీ స్టార్టైన లైను దగ్గర్నుంచి పైకి చదువు. పద్ధతిగా ఆగితే షట్‌డౌన్ లైన్లు ఉంటాయి. అవీ లేవు, ఎర్రరూ లేదు, ఉన్నట్టుండి క్రాష్ రికవరీ (పడ్డాక డేటాను సరిచేసుకోవడం) మొదలైందంటే బయటివాళ్లెవరో చంపారన్నమాట. మెషీనే రీబూట్ కాలేదని చూసుకుని, డీమెసేజ్ కమాండ్‌తోనో జర్నల్‌సీటీఎల్‌తోనో కెర్నల్ (లైనక్స్ మూల భాగం) లాగ్‌లో 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్' అన్న మాట వెతుకు. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఇక్కడే అందరూ పొరబడతారు. మెమరీ అయిపోతే కెర్నల్ ప్రధానంగా ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌నే చంపుతుంది. తప్పు పక్కనున్న వెబ్ సర్వర్‌దో, బ్యాకప్ స్క్రిప్టుదో అయినా, చచ్చేది మాత్రం డేటాబేసే. కాబట్టి ఆ లైనుకు పైనున్న ప్రాసెస్‌ల పట్టిక మొత్తం చదువు, ఆ సమయానికి ఏ క్రాన్ జాబ్ (టైము ప్రకారం తనంతట నడిచే పని) నడిచిందో చూడు. తర్వాత లెక్క వేసుకో. మెషీన్ డేటాబేస్‌కే కేటాయించినదైతే బఫర్ పూల్‌కు (డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) ర్యామ్‌లో 60 నుంచి 70 శాతం ఇవ్వొచ్చు. 8 జీబీలోనే వెబ్ సర్వర్ కూడా ఉంటే 3 జీబీ దాటనివ్వను నేనైతే. సార్ట్ బఫర్, జాయిన్ బఫర్ ఒక్కో కనెక్షన్‌కు విడివిడిగా పడతాయని మర్చిపోకు. డిఫాల్ట్ 256 కేబీ సార్ట్ బఫర్‌ని ఎక్కడో చదివి 8 ఎంబీ చేశావనుకో, 300 కనెక్షన్లు ఒకేసారి సార్ట్ చేస్తే అదొక్కటే 2,400 ఎంబీ. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) కొంచెం పెట్టుకో, కానీ దాన్ని మందు అనుకోకు.

ఎర్రర్ లాగ్‌లో సిగ్నల్ 11 (ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుని పడటం) అని, కింద స్టాక్ ట్రేస్ (పడ్డప్పుడు నడుస్తున్న ఫంక్షన్ల జాబితా) ఉంటే కథ వేరు. అక్కడే అప్పుడు నడుస్తున్న క్వెరీ కూడా సాధారణంగా కనిపిస్తుంది. ప్రతిసారీ అదే క్వెరీ అయితే బగ్ కావచ్చు, నీ వెర్షన్ సిరీస్‌లో తాజా రిలీజ్‌కు మారు. ప్రతిసారీ వేర్వేరు చోట్ల పడుతుంటే ర్యామ్‌ను అనుమానించి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడుపు.

సిగ్నల్ 6 (ప్రోగ్రామ్ తనంతట తానే ఆగిపోవడం), దానితో పాటు ఇన్నోడీబీ (మై ఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగం) పేజీ కరప్షన్ మాట ఉంటే చేతులు కట్టుకో. సర్వర్ ఆపి, డేటా డైరెక్టరీ మొత్తం వేరే డిస్క్‌కు కాపీ చేశాకే ఏదైనా. రీడూ లాగ్ ఫైళ్లు (రికవరీకి వాడే మార్పుల చిట్టా) తీసేస్తే లేస్తుందని ఎవరు చెప్పినా వినకు. ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ అన్న సెట్టింగ్‌ను 1తో మొదలుపెట్టి, లేవకపోతేనే ఒక్కొక్కటి పెంచు. 4 నుంచి పైకి వెళ్తే డేటా శాశ్వతంగా చెడొచ్చు. లేచిన వెంటనే డంప్ తీసి, కొత్త ఇన్‌స్టాన్స్‌లో ఎక్కించు. ఆ మోడ్‌లోనే నడుపుతూ కూర్చోకు. డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌లో పెండింగ్ సెక్టార్లు (చదవడానికి ఇబ్బంది పెడుతున్న చోట్లు) కనిపిస్తే అదే డిస్క్ మీద మళ్లీ ఎక్కించడం దండగ.

డిస్క్ నిండిందా అన్నది రెండు నిమిషాల పని: జాగాతో పాటు ఐనోడ్‌లూ (ఫైళ్ల వివరాలు ఉండే నమోదులు, వీటి సంఖ్యకూ పరిమితి ఉంటుంది) చూడు. బైనరీ లాగ్‌లు (డేటాలో జరిగిన మార్పుల రికార్డు) మై ఎస్‌క్యూఎల్ 8.0లో డిఫాల్ట్‌గా 30 రోజులు ఉంటాయి, నిండటానికి తరచూ అవే కారణం. వాటిని చేత్తో డిలీట్ చేయకు, పర్జ్ కమాండ్ వాడు.

ఇంకొకటి. పెద్ద డేటాకు రికవరీ చాలాసేపు పడుతుంది. సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) స్టార్ట్ టైమౌట్ తక్కువుంటే మధ్యలోనే చంపి మళ్లీ మొదలుపెడుతుంది. నీకది మాటిమాటికీ క్రాష్‌లా కనిపిస్తుంది. ఆ టైమౌట్ తీసెయ్.

ఈసారి పడితే రీస్టార్ట్‌కు పైనున్న 50 లైన్లు, కెర్నల్ లాగ్‌లో అదే నిమిషం, కాన్ఫిగ్ ఫైలు పంపు. క్వెరీలో జనం వివరాలు ఉంటే చెరిపేసి పంపు.

అన్నయ్య