కోనసీమ నేపథ్యంలో ఒక ఆత్మ గురించి కథ రాస్తున్నాను. చనిపోయినవాడు ఎన్ని రోజులు ఊళ్లో ఉండాలి?

పదమూడు రోజులు పెట్టుకోండి. గరుడ పురాణం ప్రకారం పది రోజుల పిండాలతో ఆ జీవికి కొత్త శరీరం తయారవుతుంది: మొదటి రోజు తల, పదో రోజుకి ఆకలిదప్పులు. పదమూడో రోజున యమభటులు తీసుకెళ్తారు. యమపురికి ఏడాది ప్రయాణం, దారిలో వైతరణి నది.

నన్నడిగితే కథంతా పదో రోజునే ఉంది. అప్పుడే ఆకలి పుట్టిన తండ్రి, గోదావరి రేవులో కొడుకు పెట్టిన ముద్దని కాకి ముట్టకపోవడం చూస్తూ నిలబడ్డాడనుకోండి! (కాకి రాకపోతే మనవాళ్లు పడే టెన్షన్ తెలిసిందేగా.)

ఇంకోటి. ఆ పురాణం విష్ణువు గరుత్మంతుడికి చెప్పింది. ఆయనే వైనతేయుడు. గోదావరి పాయ వశిష్ఠ నుంచి చీలి కోనసీమలో పారే పాయ పేరూ వైనతేయే. మీ వైతరణిని అక్కడే పెట్టేయొచ్చు, పడవవాడితో సహా.