మార్పులు చేసిన కారుకు వారంటీ క్లెయిమ్: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాలుగో ఏడు నడుస్తున్న కారులో ఏసీ కంప్రెసర్ పట్టేసిందనీ, డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా అమలులోనే ఉన్నా, బయట బిగించిన స్టీరియోనూ, హెడ్‌లైట్ల వైరింగునూ, పెద్ద అల్లాయ్ వీల్స్‌నూ చూపించి క్లెయిమ్ రాదని సర్వీస్ అడ్వైజర్ నోటిమాటగా చెప్పాడనీ రాశావు. ఉద్యోగ జీవితమంతా వర్క్‌షాపుల్లో గడిపినవాడిని కనుక, ఇలాంటి క్లెయిములు ఎక్కడ నిలుస్తాయో ఎక్కడ పడిపోతాయో నాకు తెలుసు. కారులో మార్పులు ఉన్నాయన్న ఒక్క మాటతో నువ్వు వెనక్కి రావద్దు. ఆ మార్పుకూ చెడిన భాగానికీ సంబంధం ఏమిటో చూపించమని అడుగు. నీ వాదనంతా దీనిమీదే నిలబడాలి.

అడగడానికి ముందు వారంటీ పుస్తకంలో మినహాయింపుల పేజీ ఒక్క అక్షరం వదలకుండా చదువు. కొన్ని ఒప్పందాల్లో మార్పు వల్ల కలిగిన నష్టానికి మాత్రమే వారంటీ వర్తించదని ఉంటుంది. మరికొన్నింటిలో అనుమతి లేని మార్పు ఏది చేసినా వారంటీ మొత్తం రద్దవుతుందని ఉంటుంది. మొదటి రకమైతే నీ బలం ఎక్కువ. రెండో రకమైతే పోరాటం కష్టమే గాని, ఆ షరతును కొనేటప్పుడు నీకు చూపించారా, నువ్వు సంతకం చేసిన కాగితంలో అది ఉందా అన్నవి అడగదగిన ప్రశ్నలే. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇచ్చింది కార్ల కంపెనీయేనా, వేరే సంస్థా అన్నది కూడా చూడు. వేరే సంస్థ అయితే నీ ఉత్తరాలు డీలరుకూ ఆ సంస్థకూ కూడా వెళ్లాలి.

ఇక కంప్రెసర్ సంగతి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పుల్లీ ముందున్న క్లచ్ ప్లేటు చేత్తో తిప్పినా కదలకపోతే, పైపులు విప్పినప్పుడు నూనెలో లోహపు రజను కనిపిస్తే, లోపలి భాగాలే అరిగి పట్టేశాయని అర్థం. దానికి స్టీరియో కారణమని ఎవరూ నిలబెట్టలేరు. అలా కాక క్లచ్ కాయిల్ (కరెంటుతో క్లచ్‌ను పట్టించే తీగచుట్ట) కాలిపోయి ఉంటే, దానికి కరెంటు ఇచ్చే తీగను ఎక్కడైనా కోసి మరో తీగ కలిపి ఉంటే, వాళ్ల మాటలో న్యాయం ఉన్నట్టే. అందుకే కంప్రెసర్ విప్పేటప్పుడు నువ్వు దగ్గరుండి ఫోటోలు తీసుకో. స్కానరు చూపించిన ఫాల్ట్ కోడ్ల ప్రింటు అడిగి తీసుకో. పాత భాగాన్ని నీకు చెప్పకుండా పారేయవద్దని జాబ్ కార్డు (వర్క్‌షాపు పని వివరాలు రాసే కాగితం) మీదే రాయించు.

హెడ్‌లైట్ల విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. కంపెనీ ఇచ్చే 60/55 వాట్ల బల్బులు రెండూ హైబీమ్‌లో, 12 వోల్టుల దగ్గర, దాదాపు 10 ఆంపియర్లు తీసుకుంటాయి. వాటి స్థానంలో 100/90 వాట్ల బల్బులు పెడితే అది దాదాపు 17 ఆంపియర్లకు చేరుతుంది. రిలే (స్విచ్చు మీద భారం పడకుండా ఎక్కువ కరెంటును వేరే దారిలో పంపే పరికరం) లేకుండా అంత కరెంటు పాత తీగల గుండా పోతే స్విచ్చులూ కప్లర్లూ కరిగిపోతాయి. నువ్వు రిలేతో, ఫ్యూజుతో, నేరుగా బ్యాటరీ నుంచి తీగలు వేయించావన్నావు కాబట్టి, బిగించిన దుకాణం బిల్లూ, కంపెనీ తీగలు కోయలేదని కనిపించే ఫోటోలూ సిద్ధంగా ఉంచుకో. అల్లాయ్ వీల్స్ ప్రస్తావన కంప్రెసర్ దగ్గర అనవసరం. రేపు వీల్ బేరింగో సస్పెన్షనో పోతే అప్పుడు వాళ్లు అడగవచ్చు.

క్లెయిమ్ కోసం స్టీరియో పీకేసి పాతది పెట్టి తీసుకెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. పాత జాబ్ కార్డుల్లో, సర్వీస్ ఫోటోల్లో ఆ మార్పులు కనిపిస్తూనే ఉంటాయి. దాచావని ఒకసారి తేలితే, నిజంగా న్యాయమైన నీ మాట కూడా ఎవరూ నమ్మరు.

తిరస్కరణ ఏ షరతు కింద, ఏ సాంకేతిక కారణంతో చేశారో లిఖితంగా ఇవ్వమని సర్వీస్ మేనేజరుకు ఈమెయిల్ పెట్టు. నా అనుభవంలో చాలా క్లెయిములు ఇక్కడే మెత్తబడతాయి, ఎందుకంటే నోటితో తేలికగా అన్న మాటను సంతకం పెట్టి రాయడానికి ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. అక్కడ తేలకపోతే కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజరుకు రాయి, ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చెయ్యి. చివరికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నువ్వు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. లోపం పరీక్షిస్తే తప్ప తేలనిదైతే, ఆ భాగాన్ని తగిన ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. పాత కంప్రెసర్‌ను పోనివ్వద్దని పైన చెప్పింది ఇందుకోసమే.

సీఎన్‌జీ కిట్ పెట్టించాలనీ, ఇంజిన్ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను మార్చడం) చేయించాలనీ కూడా రాశావు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఆర్సీలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. ఆమోదం పొందిన కిట్‌తో ఇంధనం మార్చుకోవడానికి చట్టం అవకాశం ఇస్తుంది గాని, దాన్ని ఆర్సీలో నమోదు చేయించాలి, సిలిండరుకు మూడేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో పరీక్ష చేయించాలి. ఇంత చేసినా ఇంజిన్ వారంటీ నిలుస్తుందో లేదో కంపెనీ నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకో. రీమ్యాప్ మాట మాత్రం వారంటీ గడువు ముగిసేదాకా ఎత్తవద్దు. అది టర్బో మీద, క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద నేరుగా భారం పెంచుతుంది. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించినా చాలా కార్ల ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరులో) ఆ ఆనవాలు మిగిలిపోతుంది. అలాంటి కారుతో ఇంజిన్ క్లెయిముకు వెళితే నేను కూడా నీ తరఫున మాట్లాడలేను.

రేపు వర్క్‌షాపుకు వెళ్లేముందు మినహాయింపుల పేజీ, స్టీరియో, లైట్ల బిల్లులు ఫోటో తీసి నాకు పంపు. సర్వీస్ మేనేజరుకు పెట్టే ఈమెయిల్ ముసాయిదా నేనే రాసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య