భాషా సందేహాలు: నార్వేజియన్ పొడుగు మాటల్ని ఎక్కడ విరవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ట్రోండ్‌హైమ్‌లో చదువుతోందండి, నేను కొన్నాళ్లు ఉందామని వచ్చి ఇక్కడ భాష క్లాసులో చేరాను. రెండు మూడు మాటలు అతికించేసి ఒకటే మాటగా రాస్తారు, ఎక్కడ ఆపాలో ఎక్కడ నొక్కాలో తెలీట్లేదు. విడదీసి రాస్తే టీచర్ ఎర్రపెన్నుతో గీస్తోంది. అంత పెద్ద తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పేనండి, ఒక్కోసారి నవ్వులపాలయ్యే తప్పు కూడా. 'లామెలోర్' అని కలిపి రాస్తే గొర్రెపిల్ల తొడ మాంసం, అదే 'లామె లోర్' అని విడదీస్తే పక్షవాతం వచ్చిన తొడలు! అక్కడివాళ్లు కూడా షాపు బోర్డుల మీద ఇలాగే విడదీసి రాసేస్తుంటారు, దానికి 'సార్‌స్క్రీవింగ్' అని ఒక పేరు కూడా ఉంది, భాష మీద పట్టింపు ఉన్నవాళ్లకి అది చూస్తే ఒళ్లు మండుతుంది.

నేనైతే ఒకటే చెప్తా, అర్థం చివర్నుంచి పట్టుకోండి, నొక్కడం మాత్రం మొదట్లో. 'బార్నెహాగె'లో చివరి మాట హాగె, అంటే తోట, ముందున్నది బార్న్, అంటే పిల్లలు, వెరసి కిండర్‌గార్టెన్ అన్నమాట. లింగం, బహువచనం అన్నీ చివరి మాటని బట్టే. మధ్యలో వచ్చిన 'ఎ' ఉత్త అతుకు, మనం 'ఇల్లు పెరడు' అనకుండా 'ఇంటి పెరడు' అన్నట్టే అనుకోండి. కొన్నిటికి 'స్' అతుకు వస్తుంది. వైన్ గ్లాసుకి 'వీన్‌గ్లాస్' చాలు గానీ రెడ్ వైన్ గ్లాసు అనేసరికి 'రోవీన్స్‌గ్లాస్' అయిపోతుంది, ముందు భాగమే రెండు మాటల కలయికైతే ఈ 'స్' తరచూ వచ్చి కూర్చుంటుంది. దీనికి గట్టి రూల్ లేదు, డిక్షనరీ చూసుకోవాల్సిందే.

లైను చివర విరవాల్సి వస్తే అతుకుని ముందు మాటతోనే ఉంచి బార్నె-హాగె అని విరవండి. ఇంకో తమాషా, 'బుస్' (బస్సు) స్పెల్లింగు చివర రెండు ఎస్‌లుంటాయి, దానికి 'స్టోప్' కలిస్తే అసలు మూడు ఎస్‌లు రావాలి కదా, రెండే రాస్తారు, కానీ లైను చివర విరిస్తే ఆ మూడోది మళ్లీ వచ్చేస్తుంది.

ఇక పలకడం. 'బార్నెహాగె'లో 'బార్' మీద గట్టిగా నొక్కండి, 'హా' మీద కొంచెం తక్కువగా, కానీ దాని దీర్ఘం మాత్రం మింగొద్దు, తక్కిన రెండూ తేలిగ్గా వదిలేయండి. లామెలోర్‌కీ ఇంతే, కలిపితే బరువు 'లా' మీద, విడదీస్తే 'లోర్' మీద, కాబట్టి స్పెల్లింగ్ చూడకపోయినా చెవికి తేడా తెలుస్తుంది. తెలుగులో నొక్కడాన్ని బట్టి మాట అర్థం మారదు కదా, అందుకే మనవాళ్లు అన్నీ ఒకే బరువుతో చదివేస్తారు, అవతలివాళ్లు ఏంటేంటి అంటారు.

ప్రశ్న: మరి క్రిస్టియాన్‌సాండ్ ఊరి పేరులో చివర నొక్కుతున్నారేంటి?

జవాబు: అది మినహాయింపండి, అక్కడ బరువు 'సాండ్' మీదే. శతాబ్దానికి వాడే 'ఓర్‌హుండ్రె'లో కూడా రెండో భాగమే నొక్కుతారు. ఇలాంటివి తక్కువే, ఎదురైనప్పుడల్లా నోట్‌బుక్కులో విడిగా రాసిపెట్టుకోండి.