టెక్సస్ ట్రక్ యాక్సిడెంట్ కేసులో ప్యూనిటివ్ డ్యామేజెస్ ఎంతవరకు వస్తాయి?

డాలస్ దగ్గర కంపెనీ ట్రక్ గుద్దింది, జ్యూరీ ప్యూనిటివ్ డ్యామేజెస్ (తప్పు చేసినవాళ్లకు శిక్షగా వేసే అదనపు పరిహారం) కింద 50 లక్షల డాలర్లు వేస్తే అంతా చేతికొస్తుందా అని అడిగారు. దాదాపుగా రాదండీ. టెక్సస్ చట్టంలో దీనికి గట్టి పరిమితి ఉంది. ఆర్థిక నష్టానికి రెండింతలు, దానికి నొప్పి, మనోవేదన లాంటి వాటికి జ్యూరీ ఇచ్చిన మొత్తం (7,50,000 డాలర్ల వరకే) కలపాలి. అలా వచ్చిన మొత్తం, 2,00,000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అదే గరిష్ఠం.

లెక్క వేసి చూడండి. హాస్పిటల్ బిల్లు 1,80,000 అనుకుందాం. ఇన్సూరెన్స్ బేరమాడి 60,000కి తేల్చేస్తే, కోర్టులో నిలబడేది ఆ 60,000 మాత్రమే. పోయిన జీతం 40,000. అంటే ఆర్థిక నష్టం 1,00,000. నొప్పికి 3,00,000 ఇచ్చారనుకుంటే పరిమితి 5,00,000. జ్యూరీ 50 లక్షలన్నా జడ్జి దాన్ని అక్కడికి కోసేస్తారు. ఈ పరిమితి సంగతి జ్యూరీకి చెప్పనే చెప్పరు.

అందుకే ఆర్థిక నష్టం కాగితాల మీదే ప్రాణం పెట్టండి, అక్కడ తగ్గే ప్రతి డాలరూ ప్యూనిటివ్‌లో రెండు డాలర్లు తగ్గిస్తుంది. బిల్లులు ఒక్కటే చాలవు, ఎవరు ఎంత కట్టారో, ఇంకా ఎంత బాకీ ఉందో చూపే స్టేట్‌మెంట్లు కావాలి. జీతం నష్టం ఇన్‌కమ్ ట్యాక్స్ పోగా మిగిలేదే చూపాలి, కాబట్టి డబ్ల్యూ-2లతో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం ఫారాలు) పాటు ట్యాక్స్ రిటర్న్‌లూ తీసి పెట్టుకోండి.

ఇంతకన్నా ముందు గండం ఇంకొకటుంది. డ్రైవర్ నిర్లక్ష్యం ఎంత ఘోరమైనా, అదొక్కటే కంపెనీ మీద ప్యూనిటివ్ వేయడానికి సరిపోదు. పనికిరాని డ్రైవరని తెలిసీ లెక్కచేయకుండా పెట్టుకున్నారనో, మేనేజర్ స్థాయి వాళ్లే తప్పు చేయించారనో చూపాలి. దానికి ఆధారం డ్రైవర్ ఫైలు, డ్యూటీ గంటల లాగ్‌లు. లాగ్‌లను కంపెనీ 6 నెలలే ఉంచాలన్నది ఫెడరల్ రూల్. వాటిని చెరపొద్దని లాయర్ ద్వారా ఈ వారమే నోటీసు పంపించండి. మామూలు డ్యామేజెస్‌కి 12 మంది జ్యూరీలో 10 మంది చాలు, ప్యూనిటివ్‌కి మాత్రం అందరూ ఒప్పుకోవాలి.

డ్రైవర్ తాగి నడిపి తీవ్రంగా గాయపరిచాడని రుజువైతే అతని మీద ఈ పరిమితి ఎత్తేస్తారు. అప్పుడూ రాజ్యాంగం అడ్డుంటుంది. 2003లో స్టేట్ ఫామ్ వర్సెస్ క్యాంప్‌బెల్ కేసులో 10 లక్షల నష్టపరిహారం మీద వేసిన 14.5 కోట్ల డాలర్ల ప్యూనిటివ్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది. అసలు నష్టానికి పది రెట్లు, అంతకు మించితే సాధారణంగా నిలవదని చెప్పింది.

సెటిల్‌మెంట్ అంకె చూసేటప్పుడు పన్ను కూడా లెక్కేసుకోండి. శరీర గాయాలకొచ్చే పరిహారానికి ఫెడరల్ ట్యాక్స్ లేదు, ప్యూనిటివ్‌కి ఉంది. అందులో లాయర్ వాటాని కూడా మామూలుగా ఆదాయంగా చూపాల్సింది మీరే.