సిపాయి బొమ్మ పీట కింద రాసి ఉన్న ఊరు

పాత వస్తువుల సేకరణపై పాఠకుల సందేహాలకు విజయనగరం నుంచి సమాధానాలిచ్చే ఈ శీర్షికలో, ఈసారి ప్లాస్టిక్ సిపాయి బొమ్మల గురించి వచ్చిన నాలుగు ఉత్తరాలను తీసుకున్నాను. మొదటి రెండింటికి వివరంగా జవాబు చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: మా నాన్నగారు ఓడలో పనిచేసేవారు. 1960ల చివర్లో సెలవుకు వచ్చినప్పుడల్లా మా అన్నయ్యకు సిపాయి బొమ్మలు తెచ్చేవారు. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఎర్రకోటు తొడిగి, ఎత్తైన నల్లని బొచ్చుటోపీ పెట్టుకున్న రెండు బొమ్మలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. రెండింటి పీట కిందా ‘హెరాల్డ్’ అన్న పేరు ఉంది కానీ, ఒకదాని మీద ఇంగ్లండ్ అనీ, మరొకదాని మీద హాంకాంగ్ అనీ ఉంది. రెండోది నకిలీయా?
– ఒక గృహిణి, రాజాం

జవాబు: అమ్మా, రెండోది నకిలీ కాదు. ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన నిలబెట్టండి. బొమ్మల తయారీ ఒక దేశం నుంచి మరొక దేశానికి తరలిపోయిన కాలం మీ పెట్టెలోనే కనిపిస్తుంది.

ఈ కథ ప్లాస్టిక్‌తో కాక సీసంతో మొదలవుతుంది. లండన్‌లోని బ్రిటెయిన్స్ సంస్థ 1893లో బోలు సీసపు బొమ్మలను పోయడం ప్రారంభించింది. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, అచ్చు గోడలకు ఆనుకున్న పొర గట్టిపడగానే, లోపల ఇంకా ద్రవంగా ఉన్న సీసాన్ని వెనక్కి ఒంపేసేవారు. అలా చేస్తే బొమ్మ లోపల డొల్లగా ఉండి, తక్కువ లోహంతో తయారయ్యేది. అందువల్ల అప్పటిదాకా ఆ వ్యాపారాన్ని ఏలుతున్న జర్మనీ వారి గట్టి సీసపు బొమ్మల కంటే చౌకగా అమ్మగలిగారు. నిలబడిన మనిషి ఎత్తు 54 మిల్లీమీటర్లు ఉండేలా వారు పాటించిన కొలత ఈనాటికీ సేకర్తల ప్రధాన కొలతగా నిలిచి ఉంది. ఆ సంస్థ బెంగాల్ లాన్సర్ల వంటి మన అశ్విక దళాల బొమ్మలను కూడా పోసిందన్న సంగతి చాలామందికి తెలియదు.

ప్లాస్టిక్ సైనికులు ముందుగా అమెరికాలో వచ్చారు. బెటన్ అన్న పొట్టి పేరుతో ప్రసిద్ధమైన బెర్గెన్ సంస్థ 1938లో వాటిని తయారు చేసింది. మీ బొమ్మలకు వాడిన పాలిథీన్‌ను మాత్రం 1933లో ఇంగ్లండ్‌లోని ఐ.సి.ఐ. అనే రసాయనాల సంస్థ ప్రయోగశాలలో అనుకోకుండా కనుగొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తీగలకు తొడుగుగా ఉపయోగపడిన ఆ పదార్థం, యుద్ధం ముగిశాక బొమ్మల కార్ఖానాలకు చేరింది. బ్రిటన్‌లో ఆ పాలిథీన్‌తో మేలిరకం సైనికులను రూపొందించినవారిలో శిల్పి రాయ్ సెల్విన్-స్మిత్ ముఖ్యుడు. ఆయన నిలబెట్టిన హెరాల్డ్ శ్రేణిని బ్రిటెయిన్స్ సంస్థ 1950లలో తనలో కలుపుకున్నది. తల, నడుము, ఆయుధాలు విడదీసి మార్చుకోగలిగే ‘స్వాపెట్’ బొమ్మలు కూడా ఆయన ఆలోచనే. గుప్పెడంత కూడా లేని మనిషి బొమ్మలో నడుము తిరిగేలా చేసి, ఆ అతుకు దుస్తుల మడతలో కలిసిపోయేలా మలచిన పనితనం ఏ లోహపు శిల్పానికీ తీసిపోదని నా నిశ్చితాభిప్రాయం.

పిల్లల బొమ్మల్లో సీసం ప్రమాదకరమన్న గుర్తింపు పెరగడంతో 1966లో బ్రిటెయిన్స్ సీసపు సైనికులకు స్వస్తి చెప్పింది. ఇంచుమించు అదే సమయంలో హెరాల్డ్ బొమ్మల తయారీని హాంకాంగ్‌కు తరలించింది. కాబట్టి మీ నాన్నగారు ఒక ప్రయాణంలో పాత సరుకునూ, మరొక ప్రయాణంలో కొత్త సరుకునూ కొని ఉంటారు. రెండింటి రంగుల పనిని పోల్చి చూడండి. ముఖం, బెల్టు, బూట్ల దగ్గర కుంచె నడిచిన తీరులో తేడా కనిపించవచ్చు.

అసలైన నకిలీలు వేరే ఉన్నాయి. హాంకాంగ్‌లోని పేరులేని కార్ఖానాలు ప్రసిద్ధ సంస్థల బొమ్మలనే నమూనాగా పెట్టుకుని అచ్చులు తీసేవి. వాటి పీట కింద తయారీదారు పేరు ఉండదు. హాంకాంగ్ అనో, ‘ఎంపైర్ మేడ్’ (బ్రిటిష్ సామ్రాజ్యంలో తయారైనది) అనో మాత్రమే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. వేడి ప్లాస్టిక్ అచ్చులో చల్లారేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది గనుక, బొమ్మ నుంచి తీసిన అచ్చులో పోసిన బొమ్మ మూలం కంటే కాస్త పొట్టిగా వస్తుంది. గుండీలు, వేళ్లు, కనుబొమలు మొద్దుబారి ఉంటాయి. కంసాలులు వాడే వెర్నియర్ కొలబద్దతో పీట నుంచి నెత్తిదాకా కొలిస్తే ఈ తేడా తేలికగా పట్టుబడుతుంది.

మీ అన్నగారికి గుర్తున్నంతవరకు ఏ బొమ్మ ఏ ఏట, ఏ రేవు నుంచి వచ్చిందో అడిగి ఇప్పుడే రాసిపెట్టుకోండి. పీట మీది అక్షరాలు కార్ఖానా ఊరు చెబుతాయి కానీ, అక్కడి నుంచి రాజాం దాకా వచ్చిన దారిని మీ అన్నగారే చెప్పగలరు.

ప్రశ్న: నా దగ్గర అరవై దాకా పాత ప్లాస్టిక్ సైనికులు ఉన్నారు. ఈమధ్య వారి తుపాకుల కొనలు ముట్టుకుంటే చాలు, ఎండు పుల్లల్లా విరుగుతున్నాయి. రంగు పెచ్చులుగా లేచిపోతున్నది. కొన్ని మాత్రం చేతికి జిగటగా తగులుతున్నాయి. ఫెవిక్విక్‌తో అతికించి, ఎనామిల్ రంగు వేయించాలనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, దయచేసి ఆ రెండు పనులూ చేయకండి. చదువుకునే రోజుల్లో నేను ఆరు గుర్రపు రౌతుల బొమ్మలకు మంచి ఉద్దేశంతోనే కొత్త రంగులు వేశాను. ఏడాది తిరగకుండానే నా రంగు పొర లేచిపోతూ, దానితోపాటు అడుగున మిగిలి ఉన్న అసలు రంగునూ ఊడదీసుకుపోయింది. ఆ నష్టాన్ని ఇప్పటికీ పూడ్చుకోలేకపోయాను.

పాలిథీన్ మీద ఏదీ పట్టుకోదు. దాని ఉపరితలం మైనం పూసినట్టు ఉండటం వల్ల రంగు దానిలోకి ఇంకదు, జిగురు పట్టు నిలవదు. మీరు చెప్పిన జిగురైనా ఎండాక పెళుసు పొరగా ఊడి వస్తుంది. తయారైనప్పుడు వేసిన రంగే నిలవనప్పుడు మనం వేసేది నిలుస్తుందని ఆశించలేము. ఈ ఇబ్బందిని మొదటి నుంచే తప్పించుకున్నది బ్రిటన్‌కు చెందిన టింపో సంస్థ. అది ముఖానికి ఒక రంగు, కోటుకు ఒక రంగు, పట్టీలకు మరొక రంగు ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒకదాని మీద ఒకటిగా ఎక్కించే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఆ పద్ధతిలో చేసిన బొమ్మకు కుంచె పనే అక్కర్లేదు గనుక పెచ్చులూడే ప్రసక్తీ లేదు. మీ అరవైలో రంగు చెక్కుచెదరని కౌబాయ్‌లు, మధ్యయుగపు వీరులు ఉంటే, ముందుగా వాటి మీద టింపో పేరు కోసం వెతకండి.

ఇక పెళుసుతనం సంగతి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్‌లోని పొడవైన అణు గొలుసులను ఏళ్ల తరబడి తెంపుతూ ఉంటాయి. ఆ తెగిపోయిన గొలుసులను తిరిగి అతికే మందు లేదు. మిగిలినవి తెగకుండా ఆపడమే మనం చేయగలిగినది. అందుకే మన ఇళ్లలో పాత సామాన్ల చోటైన అటక ఈ బొమ్మలకు పనికిరాదు. రేకుల కప్పు కింద వేసవిలో అక్కడి వేడికి అవి మరింత త్వరగా చెడతాయి. అలాగని నీళ్లు చేరగల నేల మీద పెట్టడమూ మంచిది కాదు. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి పరిస్థితి తెలిసిన మన ప్రాంతం వారికి దీన్ని వివరించనక్కర్లేదు. ఎండ తగలని లోపలి గదిలో, నడుమెత్తు అలమరలో, ఒక్కొక్క బొమ్మనూ గంజి పెట్టని పాత తెల్ల పంచె ముక్కలో చుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పడుకోబెట్టండి. రబ్బరు బ్యాండు వేయకండి. కలరా ఉండలు అసలే వేయకండి. వాటి ఆవిరి పాలిస్టైరీన్ వంటి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరచి పాడుచేస్తుంది.

జిగటగా తగులుతున్నవి పి.వి.సి. బొమ్మలై ఉండవచ్చు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెవంటి పదార్థం కాలక్రమంలో పైకి ఊరుతుంది. అదే మీ వేళ్లకు అంటుతున్నది. వాటిని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి, ఎందుకంటే ఆ పదార్థం పక్కనున్న పాలిస్టైరీన్ బొమ్మలను కరిగించగలదు. ఏది ఏ ప్లాస్టిక్కో తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రంగు లేని విరిగిన ముక్కను నీళ్ల గిన్నెలో వేసి, గాలి బుడగలు పోయేలా వేలితో ఒకసారి ముంచి వదలండి. పాలిథీన్ నీటి కంటే తేలిక గనుక పైకి తేలుతుంది, పి.వి.సి., పాలిస్టైరీన్ రెండూ మునుగుతాయి. పీట లోహంతో చేసి ఉంటే మాత్రం ఆ బొమ్మను నీటికి దూరంగా ఉంచండి. అవి 1971లో బ్రిటెయిన్స్ తెచ్చిన ‘డీటెయిల్’ శ్రేణివి కావచ్చు. ఆ లోహపు పీటనే గుర్తుగా పెట్టుకుని చూస్తే ఆ శ్రేణి దూరం నుంచే తెలిసిపోతుంది.

వంగిపోయిన తుపాకులకు మాత్రం వైద్యం ఉంది, అదీ ప్లాస్టిక్ ఇంకా మెత్తగా సాగుతుంటేనే. వంగిన భాగాన్ని వేడినీళ్లలో కొద్దిసేపు ఉంచి, వేళ్లతో మెల్లగా సరిచేసి, వెంటనే చన్నీళ్లలో ముంచితే ఆ ఆకారం నిలుస్తుంది. పెళుసెక్కిన బొమ్మపై ఈ ప్రయత్నం చేస్తే చేతిలోనే విరుగుతుంది. విరిగిన కొనలను పారేయకుండా, ఒక్కో బొమ్మవి ఒక్కో చిన్న కాగితపు పొట్లంలో కట్టి ఆ బొమ్మ పక్కనే ఉంచండి.

మీ పెట్టెలో ఒకటి రెండు సీసపు బొమ్మలు కూడా కలిసి ఉంటే వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి, ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోండి. చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి వల్ల సీసం తెల్లని పొడిగా రాలుతుంది గనుక వాటిని మూసిన చెక్కపెట్టెలో దాచకూడదు.

ప్రశ్న: అంగుళం ఎత్తు కూడా లేని, ఏ రంగూ వేయని సైనికులు కొందరు నాకు దొరికారు. కొన్ని ఇంకా ప్లాస్టిక్ పుల్లకే అతుక్కుని ఉన్నాయి. ఇవి ఎవరు చేసినవి?
– ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: ఈ వర్ణనకు ఎక్కువగా సరిపోయేవి ఎయిర్‌ఫిక్స్ బొమ్మలు, అయితే ఆ కొలతలో ఇతర సంస్థలు కూడా చేశాయి. నికొలస్ కోవ్ 1939లో లండన్‌లో స్థాపించిన ఆ సంస్థ, 1959 నుంచి ఇంత చిన్న సైనికులను ఒక్క పెట్టెలో పదుల సంఖ్యలో పెట్టి అమ్మింది. మనిషి ఎత్తులో డెబ్బై రెండో వంతుకు దగ్గరగా ఉండే కొలత అది. పుల్లకున్న బొమ్మలను విడదీయకండి. పుల్ల పూర్తిగా ఉంటే ఆ పెట్టెలో ఏయే భంగిమలు ఉండేవో దాన్నిబట్టి తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో చిన్నప్పుడు పైడితల్లి అమ్మవారి జాతరలో కొన్న పచ్చరంగు సిపాయిలు ఇరవై దాకా ఉన్నాయి. వాటి మీద ఏ పేరూ లేదు. సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు మీద పెట్టేవాళ్లం. వీటికి ఏమైనా విలువ ఉంటుందా, లేక పారేయవచ్చా?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: పారేయకండి తల్లీ. పేరున్న విదేశీ బొమ్మల గురించి ఆయా దేశాల సేకర్తలు ఎంతో రాసిపెట్టారు. మన తిరునాళ్లలో అమ్మిన పేరులేని సిపాయిల గురించి రాయవలసినవాళ్లం మనమే.

మోకాలి మీద కూర్చుని గురిపెట్టినవాడు, బోర్లా పాకుతున్నవాడు, భుజాన రాకెట్ గొట్టం పెట్టుకున్నవాడు, చెవి దగ్గర రేడియో పట్టుకున్నవాడు మీ ఇరవైలో ఉంటే, ఆ భంగిమల మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1919లో మొదలైన లూయి మార్క్స్ కంపెనీ వంటి సంస్థలు కోటలు, ఫిరంగులు, సైనికులు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మేవి. ఆ బొమ్మలకు నకళ్లు, నకళ్లకు నకళ్లు ప్రపంచమంతటా పుట్టాయి. ఒక్కొక్క నకలుకూ బొమ్మ కాస్త పొట్టిదై, ముఖం చదునై వస్తుంది గనుక, ఇరవైని ఎత్తు ప్రకారం వరుసగా నిలబెడితే అవన్నీ ఒకే అచ్చు సంతానమో కాదో మీకే తెలుస్తుంది.

డబ్బు లెక్కలో వీటికి పెద్ద ధర రాదు. పేరున్న సంస్థ, విరగని ఆయుధాలు, అసలు రంగు, అన్నిటికంటే ముఖ్యంగా మొదటి అట్టపెట్టె ఉన్న బొమ్మలకే సేకర్తలు ఎక్కువ చెల్లిస్తారు. కానీ సిరిమానోత్సవం నాడు కొన్న అలాంటివే ఏడు నా దగ్గర ఉన్నాయి. వాటిని ఏ పేరున్న బొమ్మకూ మార్చుకోను.

కొలువులో ఈసారి కూడా పెట్టండి, దీపానికి దూరంగా. తీసి దాచే ముందు ప్రతి బొమ్మనూ ముందు నుంచీ, పీట కింద నుంచీ, పక్కన ఒక రూపాయి నాణెం ఉంచి ఫొటో తీయండి. ఏ ఏడు, ఎవరు కొనిచ్చారు, ఎంతకు కొన్నారు అన్న వివరాలను చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి, నూలు దారంతో బొమ్మ కాలికి వదులుగా కట్టండి. బొమ్మ మీద మాత్రం ఇంకుతో అంకె వేయకండి, చెరగకపోవచ్చు. ఆ ఫొటోలు ఈ శీర్షికకు పంపితే నా ఏడు బొమ్మల కొలతలతో సరిపోల్చి, మీవీ నావీ ఒకే అచ్చువో కాదో రాస్తాను.