ఆ కందిన చోటును చిన్నదనుకోకు, సుజాతా

చిరంజీవి సుజాతకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ మామగారికి ముడ్డిపూస దగ్గర కాస్త కందిందని చెప్పి, "చిన్నదేలే పెద్దమ్మా" అన్నావు. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని. మంచాన పడ్డ పెద్దవాళ్లకు నేను చూసిన ప్రతి లోతు పుండూ అలా కందిన చోటే మొదలైంది.

ఆయన్ని కాసేపు పక్కకు ఒత్తిగిలించి ఉంచాక ఆ చోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టే. నొక్కినా రంగు మారకపోతే అదే పుండుకు మొదటి దశ. ఒంటి రంగు నలుపైతే ఎరుపు తెలియదు, చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కన్నా వెచ్చగానో, గట్టిగానో, మెత్తగానో తగులుతుంది. ఊదారంగు తిరిగితే మాత్రం ఆగకు, ఆ రోజే డాక్టరుకు చూపించు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగినప్పుడు చర్మం కన్నా ముందు లోపలి కండ చస్తుంది. పైకి కనబడేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది.

రెండు గంటలకోసారి తిప్పండి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు ఉంచితే చాలు. పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి లాగొద్దు, కింద వేసిన దుప్పటిని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తి జరపండి. లాగుడుకే సగం చర్మం పోతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడు. కందిన చోట మర్దన వద్దు, గుండ్రటి రింగు దిండూ వద్దు. ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది ఉందని తిప్పడం మానేసిన ఇళ్లు చాలా చూశాను. తడిసిన డైపర్ వెంటనే మార్చడం నీకు చెప్పక్కర్లేదు.

ఇక నువ్వు అడగలేక అడిగిన ప్రశ్న: ఈ పుండు ఆయన ప్రాణం మీదికి తెస్తుందా అని. పంతొమ్మిదో శతాబ్దంలో షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి పుండును చావుకు సూచనగా చూశాడు. పుండ్లున్న వృద్ధుల్లో మరణాలు ఎక్కువన్నది ఇప్పటికీ నిజమే. పుండు ఎముక దాకా దిగి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం తీసే సందర్భాలున్నాయి. కానీ చాలాసార్లు తిండి సయించక, బరువు తగ్గి, కదలిక పోయి, అప్పటికే డస్సిపోయిన ఒంటికే పుండు పడుతుంది. అందుకే డ్రెస్సింగ్ ఒక్కటీ చేయించుకుని వచ్చేయకు. బరువెంత తగ్గారు, రక్తం తక్కువగా ఉందా, మాంసకృత్తులు ఎంత ఇవ్వాలి అని అడుగు. మామూలుగా కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాములు అంటారు. మూత్రపిండాల జబ్బుంటే ఆ లెక్క డాక్టరే చెప్పాలి. పుండు పడే ప్రమాదం ఎంతుందో లెక్కగట్టే బ్రాడెన్ స్కోరు వేయమని కూడా అడుగు. 23కు 18, అంతకన్నా తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్టు.

చీము, దుర్వాసన, చుట్టూ ఎరుపు పాకడం, ఉన్నట్టుండి మగత, తికమక మాటలు: వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లు. పెద్దవాళ్లకు జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

ఒకటి మాత్రం నమ్ము. చివరి రోజుల్లో గుండె, మూత్రపిండాల్లాగే చర్మమూ ఓడిపోతుంది. ఎంత బాగా చూసుకున్నా పుండు పడొచ్చు. తనే చంపేసుకున్నానని నా చేతులు పట్టుకుని ఏడ్చిన ఒక కూతురు నాకింకా గుర్తుంది. రోజుకు ఎన్నిసార్లు తిప్పిందో నేను కళ్లారా చూశాను. అలాంటి దశే వస్తే రెండు గంటల లెక్క వదిలేసి, నొప్పి మందు ఇచ్చాకే మెల్లగా కదపండి.

మీ మామగారు ఇంకా అక్కడికి రాలేదు. ఈ రాత్రి ఎవరు ఏ వేళకు లేవాలో నువ్వూ మీ ఆయనా కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించండి. నువ్వొక్కదానివే లేవొద్దు. రేపు పొద్దున ఆ చోటు ఎలా ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ